కనకలక్ష్మి ఇంటి ఫ్యాను

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోగానే గుణదలలో ఆ సందు ఆడవాళ్ళంతా చాపలు పట్టుకుని కనకలక్ష్మి ఇంటికి చేరతారు. ఆమెకు గుండెదడ వచ్చిందంటే చాలు, కరెంటు లేకపోయినా ఆమె ఉన్న గదిలో ఫ్యాను తిరుగుతుంది.

“ఏమే కనకం, ఇవాళ ఇంకా రాలేదా నీకు? ఇక్కడ ఉడికిపోతున్నాం” అంటుంది ఎదురింటి సుబ్బరత్నం.

“వస్తుందిలే వదినా” అని కనకలక్ష్మి మొహమాటంగా నవ్వుతుంది.

అన్నట్టే వస్తుంది. తల పగిలిపోతుంది, జాకెట్టు తడిసి ముద్దవుతుంది, వేళ్ళు తెల్లగా పాలిపోతాయి. ఫ్యాను గిర్రున తిరుగుతుంది. “అబ్బ, ప్రాణం లేచొచ్చింది” అంటారు ఆడవాళ్ళు జడలు విప్పుకుని. ఆమె ప్రాణం మాత్రం గొంతులోకొచ్చి ఉంటుంది.

ఏడాదిగా టెన్షన్ బిళ్ళలు మింగుతోంది. అయినా రెండుసార్లు పొయ్యి పక్కనే పడిపోయింది. చేపల వ్యాపారం చేసే భర్త కాశీరావు ఇక లాభం లేదని కొత్త డాక్టరమ్మకు చూపించాడు.

“లోపల చిన్న గడ్డేదైనా ఉండి ఈ దడ పుట్టిస్తోందేమో. కంగారు పెట్టే హార్మోన్లు మూత్రంలో తెలుస్తాయి. ఒక పగలూ రాత్రీ పోసిందంతా ఈ క్యాన్‌లో పట్టి, చల్లగా ఉంచి తీసుకురండి” అందామె.

చల్లదనానికి కాశీరావు చేపల ఐసుపెట్టె ఉండనే ఉంది. మిగతాదంతా అత్త రత్తమ్మ చూసుకుంది. “ఇవాళ నా కోడలికి పరీక్ష. ఎవరూ దాని జోలికి రాకండి” అని సందంతా వినబడేలా చెప్పింది. చీపురు ముట్టనివ్వలేదు, బిందె ఎత్తనివ్వలేదు, టీవీలో అత్తాకోడళ్ళ గొడవలొస్తుంటే కట్టేసింది. కనకలక్ష్మి బాలింతలా పడుకుంది. ఆ రోజు కరెంటు పోయాక ఫ్యాను రెక్క కదల్లేదు.

రిపోర్టు చూసి డాక్టరమ్మ పెన్ను తీసింది. “అంతా మామూలుగానే ఉందమ్మా. ఆ టెన్షన్ బిళ్ళలే వాడండి.”

మళ్ళీ అవే బిళ్ళలు. ఈసారి పొయ్యి మీదే పడతానేమోనని కనకలక్ష్మికి భయమేసింది. చేతిలోంచి ఫైలు జారితే తీసుకోవడానికి వంగింది. అంతే, తల దిమ్మెక్కింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

డాక్టరమ్మ నెత్తిమీద ఫ్యాను ఆగబోయి, మళ్ళీ ఊపందుకుంది. కాగితాలన్నీ ఎగిరాయి. ఆమె ఫ్యాను వంక చూసి, కనకలక్ష్మి పాలిపోయిన వేళ్ళు చూసి, నాడి పట్టుకుంది.

“క్యాన్ పట్టిన రోజు ఇలా వచ్చిందా?”

“రానిస్తానా అండీ!” అంది వెంట వచ్చిన రత్తమ్మ గర్వంగా. “కాలు కింద పెట్టనివ్వలేదు!”

డాక్టరమ్మ చీటీలో రాసిన మందు పేరు కొట్టేసి ఇంకో క్యాన్ ఇచ్చింది. “దడ వచ్చినప్పుడే ఆ హార్మోన్లు బయటపడతాయి. ఇప్పుడే మొదలుపెట్టండి. రేపు ఇదే టైముదాకా పట్టండి.”

బాత్రూము ఆసుపత్రి హాలు చివర, మధ్యలో నలభైమంది జనం. క్యాన్‌ని కొంగు కింద దాచే ఓపిక కూడా లేదు. చేత్తో పట్టుకునే అందరి మధ్యనుంచి నడిచింది కనకలక్ష్మి.

ఈసారి హార్మోన్లు ఉండాల్సినదానికి నాలుగింతలున్నాయి. స్కానింగులో మూత్రపిండం పైన నిమ్మకాయంత గడ్డ కనబడింది.

“ఇది టెన్షన్ కాదమ్మా. ముందు బీపీ అదుపులోకి తెచ్చి, ఆపరేషన్ చేసి తీసేస్తాం. ఇక దడ రాదు” అంది డాక్టరమ్మ.

కబురు సందులో తెలిసింది. మే నెల ఇంకా సగం ఉంది. సాయంత్రం సుబ్బరత్నం బజారుకెళ్ళి అరడజను తాటాకు విసనకర్రలు తెచ్చి ఇంటికొకటి పంచింది. మొదటిది కనకలక్ష్మికే.