సబ్బుతో గీసిన ముఖం

పెళ్లయి నలభై రోజులైనా వసపిట్టకి ముచ్చట తీరలేదు. ఆ పేరు భర్త పెట్టిందే, నోటికి క్షణం తీరిక ఉండదని. ఆదివారం పొద్దున్నే అతన్ని అద్దం ముందు నిలబెట్టి, అరిగిన సబ్బుముక్కతో అద్దంలోని ముఖం చుట్టూ గీత గీయడం మొదలుపెట్టింది. ఏ ఆకారం వస్తే దానికి తగ్గ క్రాపు చేయించాలి. ఎల్లుండి ఆఫీసులో గుర్తింపు కార్డుకి ఫోటో తీస్తారు మరి.

"కదలకండీ!"

"కదల్లేదు."

"మరి గడ్డం ఎక్కడికి పోయిందో చూడండి!"

మూడుసార్లు గీసింది, మూడుసార్లూ బంగాళాదుంపే వచ్చింది. ఆమె అతని ఎడమ భుజం దగ్గర నిలబడి ఆపకుండా కబుర్లు చెబుతోంది. ఆమె నోరు విప్పిన ప్రతిసారీ అతను ముఖం ఆమె వైపు తిప్పేస్తున్నాడు. నా మాటంటే ఎంత ఇష్టమో అని లోలోపల మురిసిపోయింది. చివరికి బట్టలు కుట్టే టేపు తెచ్చి కొలిచింది. పొడవూ వెడల్పూ ఇంచుమించు ఒకటే.

"గుండ్రటి ముఖం! పక్కలు పొట్టిగా తీసేసి పైన ఎత్తుగా ఉంచాలి. ఇలా చెవుల మీదకి వేలాడేస్తే బుగ్గలు పూరీల్లా కనిపిస్తున్నాయి."

"ఇలాగే అలవాటైపోయింది. నాకిదే బాగుంటుంది."

"మీకు బాగుంటే సరా? రోజంతా చూసేది నేను కదా!"

అతను నవ్వేశాడు. టీ మాత్రం చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు.

వీధి చివర సెలూన్ బాబాయ్ దగ్గర అతను పదేళ్లుగా జుట్టు కత్తిరించుకుంటున్నాడు. వసపిట్ట కూడా వెంట వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుంది. "పక్కలు మెషిన్‌తో తీసేయండి బాబాయ్," అని ఆజ్ఞ జారీ చేసింది.

బాబాయ్ వెంటనే మొదలుపెట్టలేదు. ఎడమవైపు నిలబడ్డవాడల్లా కుర్చీ చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్లి, వంగి అడిగాడు. "నిజంగానే తీసేయమంటావా అబ్బాయ్?"

"తీసేయి."

అక్కణ్ణుంచే అడగొచ్చుగా, ఇంత ప్రదక్షిణ దేనికి అని ఆమెకి నవ్వొచ్చింది. మెషిన్ రొద పెట్టింది. ఎడమ చెవి వెనక జుట్టు రాలిపోగానే నెలవంకలాంటి తెల్లటి గాటు బయటపడింది.

"అయ్యయ్యో, కోసేశారా?"

"నేనెందుకు కోస్తానమ్మా? చిన్నప్పటి ఆపరేషన్ది. ఆ చెవి అప్పుడే పోయింది కదా..." బాబాయ్ నాలుక కరుచుకున్నాడు. "నీకు తెలీదా?"

అతను కదల్లేదు. ఆ రొదలో, ఆ పక్కన, అతనికి ఒక్క ముక్కా చేరలేదు. అద్దంలో ఆమె ముఖం చూశాకే చేయి మెల్లగా చెవి వెనక్కి వెళ్లింది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. సగం దూరం నడిచాక అతనే అన్నాడు. "చెప్పేద్దామనే అనుకున్నాను. ఒక రోజు ఆగితే రెండో రోజు ఇంకా కష్టమైంది. చెవిటి మొగుణ్ణి అంటగట్టారని అనుకుంటావేమోనని..."

"నలభై రోజులు!" అంది. కోపంతో ఇంకా చాలా అనబోయింది. అంతలో మొన్నటి పొద్దుటి సంగతి గుర్తొచ్చింది.

ఆ పొద్దున అతను కుడివైపు ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. వెనక నుంచి అతని భుజం మీద గడ్డం ఆనించి, ధైర్యమంతా కూడగట్టుకుని ఆ ఎడమ చెవిలోనే చెప్పింది. మొదటిసారి కలిసినప్పుడు తన డిగ్రీ పూర్తయిందని అన్నది అబద్ధమని, ఒక పేపరు ఇంకా మిగిలే ఉందని. అతను కోప్పడలేదు. ఆమె చేతిని మాత్రం దగ్గరికి లాక్కున్నాడు. క్షమించేశాడనుకుని ఆ రోజంతా కూనిరాగం తీస్తూ ఇల్లు తుడిచింది.

క్షమించనూ లేదు, విననూ లేదు. అతని చుట్టాలందరికీ ఆమె ఇంకా పట్టభద్రురాలే.

ఇప్పుడు నోరు మూసుకుంటే సరిపోతుంది. తప్పంతా అతనిదే అవుతుంది. అలిగే హక్కంతా తనదే అవుతుంది. నాలుగడుగులు అలాగే నడిచింది. తర్వాత ఆగి, అతని వెనక నుంచి కుడివైపుకి వచ్చింది.

"మొన్న పొద్దున మీకొకటి చెప్పాను."

"ఏమిటి?"

వసపిట్టకి జీవితంలో మొదటిసారి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. చెప్పింది. రెండు వాక్యాలే. అతను నడక ఆపేశాడు. పొట్టి జుట్టులో ముఖం నిజంగానే సన్నగా, కొత్తగా ఉంది. అందులో ఏముందో ఆమెకి అంతు పట్టలేదు.

"ఇంకెవరికి తెలుసు?"

"మీకు తెలుసనుకున్నాను."

అతను చెవి వెనక తడుముకుంటూ అడిగాడు. "ఆ వైపు ఇంకా ఏమేం చెప్పావు?"

ఆమె లెక్కపెట్టుకోబోయింది. వేళ్లు చాలలేదు. ఇద్దరూ మళ్లీ నడక సాగించారు. ఇంటికి తిరిగే మలుపు వచ్చింది గానీ ఇద్దరూ తిరగలేదు. ఆమె అతని కుడివైపునే నడుస్తూ మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది.