చిత్తడి నేల సీడర్

శౌరయ్య శవం మీద దుప్పటి కప్పకముందే దుంగ మీద తడి టార్పాలిన్ కప్పించాడు కాంట్రాక్టర్. ఎండ తగిలితే సీడర్ దుంగ కొసలు పగులుతాయట. సువర్ణకుమారి వచ్చేసరికి భర్త ఇంకా ఎండలోనే ఉన్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు.

అది 1989, ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన. ఎర్ర సీడర్ చెట్టంటే అక్కడ బంగారమే. చెక్క తేలిక, ఉలికి లొంగుతుంది, వాసన ఏళ్ళ తరబడి పోదు. కానీ తోటగా వేస్తే దక్కదు. ఆరుబయట ఒంటరిగా నాటితే పురుగు చిగురు తొలిచేస్తుంది. చిత్తడి అంచున, తక్కిన చెట్ల మధ్యే నిటారుగా లేస్తుంది. "మన నందివృక్షం జాతే," అనేవాడు ఆంధ్ర నుంచి వలస వచ్చిన శౌరయ్య.

నాటి పెంచలేని కాంట్రాక్టర్ ఏటికేడు మనుషుల్ని ఇంకా లోపలికి, బురదలోకి పంపాడు. గట్టు మీంచి తాడుతో దుంగల్ని లాగే వించ్ యంత్రం పెట్టమని వాళ్ళు అడిగారు. పెట్టలేదు. బురదలోంచి లాగుతున్న దుంగ పక్కన నడుస్తున్న శౌరయ్య మీదికి అది దొర్లింది.

సమాధి చేసిన మర్నాడు చర్చి హాల్లో పనివాళ్ళ మీటింగు.

"వానలు పడకముందే మిగతావి లాగాలంట వదినా, రేపట్నుంచే డ్యూటీ," అన్నాడు శౌరయ్యతో పనిచేసిన ఫ్రాంక్లిన్.

"వించ్ వచ్చిందా?"

"లేదు. సింపతీ కార్డ్ వచ్చింది."

"మనం మానేస్తే వేరేవాళ్ళని తెస్తాడు," అన్నారెవరో వెనక నుంచి.

రంపం పట్టే ముసలి స్టీవ్ లేచాడు. "తేనీ, మేట్! మనం ఎక్కించకుండా ఆ బ్లడీ దుంగ లారీ ఎక్కుతుందా? నో వించ్, నో లాగ్స్!"

అందరూ సువర్ణకుమారి వైపు చూశారు.

"ఆయన్ని చంపిన దుంగ ఇంకా గట్టునే ఉంది," అంది ఆమె నెమ్మదిగా. "ముందు దాని మీద కూర్చుందాం."

పొద్దున్నే కూర్చున్నారు. కాంట్రాక్టర్ లారీనిండా కొత్తవాళ్ళనీ, వెనక పోలీసులనీ తెచ్చాడు.

"మీరు ఇంటికి వెళ్ళండి, మేడమ్," అన్నాడు కానిస్టేబుల్ మర్యాదగానే.

"వెళ్ళు వదినా, మేం చూసుకుంటాం."

"ఇంటికెళ్ళి ఏం చెయ్యను, ఫ్రాంక్లిన్?"

అరెస్టు చెయ్యబోతే తనే నడిచి పోలీసు వ్యాన్ ఎక్కింది. ఆమె వెనక స్టీవ్, ఫ్రాంక్లిన్, తక్కినవాళ్ళు. తలుపు మూసుకుంది.

కొత్తవాళ్ళు లారీ దిగారు. వాళ్ళలో ఒకడు బురద వైపు చూసి, "వించ్ ఏదీ?" అని అడిగాడు.

కాంట్రాక్టర్ దుంగ వైపు చెయ్యి చూపించి, త్వరగా ఎక్కించమన్నాడు.

వ్యాన్ కిటికీ జాలీలోంచి సువర్ణకుమారి చూస్తూనే ఉంది. అడిగినవాడు వెళ్ళి దుంగ మీద కూర్చున్నాడు. తర్వాత అతని పక్కవాడు. ఆ తర్వాత అందరూ.