వాలు చేనులో పచ్చిరొట్ట

కొండవాలులో ఉన్న రెండెకరాల చేనులో ఏం చల్లాలా అని తెక్లా ఏప్రిల్ నెలంతా ఆలోచించింది. రెండేళ్లుగా వానలకు మన్ను జారిపోయి చిక్కుడు మొక్కల వేళ్లు బయటపడుతున్నాయి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆ ఊళ్లో చలికాలం జూన్‌లో మొదలవుతుంది. ఈ చలికాలం కూడా నేలను ఖాళీగా వదిలితే ఇక రాళ్లే మిగులుతాయి. చివరికి మన్నును పట్టి ఉంచడానికి నల్ల ఓట్స్, సారం పెంచడానికి వెచ్ తీగ కలిపి చల్లింది. ఆగస్టు చివర పూత మీద ఉన్నప్పుడు ఆ పచ్చిరొట్టను నేల మీదే పడదొక్కి, దాని సందుల్లో చిక్కుడు విత్తాలి.

జూన్ నాటికి చేను మోకాలెత్తు లేచింది. జూలైలో వరుసగా మూడు రాత్రులు మంచు పేరుకుని ఊళ్లో పచ్చికంతా మాడిపోయింది. ఓట్స్ మాత్రం తట్టుకుంది.

ఆదివారం చర్చి నుంచి తెక్లా అన్న ఎస్తెఫానో నేరుగా ఆమె ఇంటికొచ్చాడు. ఇచ్చిన మాతే ఆకుల కషాయం తాగుతూ చేను వైపే చూశాడు.

"పది రోజులు నా ఆవుల్ని ఇందులోకి తోలుకుంటానే అమ్మాయ్. చూడి ఆవు లేవడానికే తంటాలు పడుతోంది."

"అది మేత కాదన్నయ్యా. నేలకి వేసింది."

"నేల ఎప్పుడైనా అంబా అందా?"

తెక్లా భర్త బజీలియో నవ్వేశాడు. "చేదు లూపిన్ చల్లవే అంటే విన్నావా? మీ అన్నయ్య ఆవులు మూతి కూడా పెట్టేవి కావు."

"నువ్వూరుకో బావా. ఎవడి బాధ వాడిది."

"తొక్కితే నేల గట్టిపడిపోతుంది. వానొస్తే ఏం నిలుస్తుంది చెప్పు?" అంది తెక్లా.

"వానెక్కడే పిచ్చిదానా?"

సాయంత్రం ఆమె వెళ్లి ఆవును చూసింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. మర్నాడు తానే కంచె తీసింది. పది రోజులు నెల దాటాయి. వాన చుక్క లేక, మాడిన పచ్చిక మళ్లీ మొలవలేదు. ఇక తోలుకుపొమ్మని అనడానికి ఆమెకు నోరు రాలేదు. వాలంతా గిట్టల గుంటలు, కొరికిన మోళ్లు.

సెప్టెంబరు మొదట్లో వాన పట్టుకుంది. బజీలియో మొక్కజొన్న చొప్ప తెచ్చి అడ్డంగా పరిచాడు. నీళ్లు మన్నుతో పాటు చొప్పను కూడా మోసుకుపోయాయి.

"రావే, తడిసి ఏం లాభం? ఆవు ఈనిందట, దూడ బాగుందట," అన్నాడు.

తెక్లా తలూపింది. ఆకలన్నవాళ్లకు పెట్టమన్నావు, పెట్టాను. మరి ఈ నేలకి ఎవరు పెడతారు, అని లోలోపలే దేవుణ్ణి అడిగింది. వాన ఆపమని మాత్రం అడగలేకపోయింది. నిన్నటిదాకా ఊరంతా మోకరిల్లింది ఆ వాన కోసమే. ఆమే ముందు వరసలో ఉంది.