మూడో శంకుస్థాపన

గుంత మూరెడు లోతు దిగకముందే గడ్డపార ఖంగుమంది. అడుగున బండ. జయరామప్ప చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. పన్నెండింటికి మంత్రి వస్తాడు. ఆలోపు మూడో శిలాఫలకం నిలబడాలి.

మొదటి రెండూ పక్కనే ఉన్నాయి. జిగణి రాతి ఫ్యాక్టరీలో కోసి, పేర్లు లోతుగా చెక్కిన ఏడడుగుల బండలు. రెండింటినీ పాతింది మేస్త్రీ జయరామప్పే. వాటి ముందు పారే మురుగుకాలువ మీద రావాల్సిన వంతెన మాత్రం రాలేదు. ఫలకాలు రెండు, ఫలం సున్నా. శంకుస్థాపన జరిగిన ప్రతిసారీ శంకు పోయి శంక మిగిలింది.

మొదటి రాయి నాడు కాలనీ అంతా నమ్మింది. వంతెనకు దారి కావాలని ఇంజినీరు అడిగితే, జనం తమ ఇళ్ల మెట్లు తామే పగలగొట్టుకున్నారు. జయరామప్ప తాను కట్టిన మెట్లను తానే కూల్చాడు, కూలి లేకుండా. అప్పట్నుంచి ముసలివాళ్లు గడప దిగడానికి గోడ పట్టుకుంటున్నారు. పోనీ కాలువ మీద మేమే ఓ బండ వేసుకుంటామంటే, వంతెన వస్తుంటే మీకెందుకని ఆఫీసువాళ్లు ఆపారు. పాచిపట్టిన చెక్కే గతి అయింది. పోయిన వానాకాలం బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వస్తూ జయరామప్ప కూతురు చైత్ర ఆ చెక్క మీదే కాలు జారింది. మర్నాడు చాలా దిగువన దొరికింది.

"ఏమప్పా జయరామా!" కాంట్రాక్టరు మనిషి మునిరాజు పరుగున వచ్చాడు. "ఇరవైమంది ఆడోళ్లు కలశాలెత్తుకోని నిలబడాలంటే ముగ్గురే వచ్చినారే? ప్రజల భాగస్వామ్యం చూపియ్యకపోతే మా కాంట్రాక్టరు సాహేబ్రు నా తోలు తీస్తారు!"

"ఆ రాళ్లనే నిలబెట్టుకో. మా కంటే ఓపికుండాది వాటికి."

"ఎకసెక్కాలు చాలప్పా. ఈ పొద్దు కూలి తొమ్మిదొందలు కాదు, రెండువేలు. ఇదో, సొన్నక్కతోనే టెంకాయ కొట్టిద్దాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కొడితే టీవీలో బాగుంటాది."

మొగుడికి సంగటి తెచ్చిన సొన్నమ్మ గిన్నె కింద పెట్టింది. మునిరాజు అందించిన టెంకాయను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"పోయినతూరి కొట్టింది నా బిడ్డే కదా, రాజూ."

మునిరాజు గడియారం చూసుకున్నాడు. "అట్లంటే ఎట్లక్కా? జనం నమ్మకుంటే సర్కారు ఎట్ల పని చేసేది?"

"నమ్మే కదప్పా మెట్లు పగలగొట్టుకుంటిమి." ఆమె టెంకాయను తిరిగి అతని చేతిలో పెట్టింది. "నేను కొట్టను."

జయరామప్ప గుంతలోంచి పైకొచ్చాడు. సంగటి వైపు చూడలేదు. గడ్డపారతో మొదటి రాయి దగ్గరకు నడిచి, దాని మొదలు దగ్గర ఒక పోటు పొడిచాడు.

"ఏయ్! ఏం చేస్తా ఉండావు?"

"పాతింది నేనే కదా. పీకేదీ నేనే."

మొదట ఎదురింటి వెంకటగిరియప్ప తాడు తెచ్చాడు. షిఫ్టుకు బయల్దేరిన ఆడవాళ్లు టిఫిన్ సంచులు గోడకు తగిలించి తాడు పట్టుకున్నారు. కలశాలకు దొరకని చేతులన్నీ బండకు దొరికాయి. రాయి ఊగింది, ఒరిగింది, నేల అదిరేలా పడింది. కాలువకు అడ్డంగా పరచడానికి ఇనుప పైపుల మీద దొర్లించుకుంటూ గట్టు దాకా తోశారు.

"పేర్లుండే పక్కన్నా కిందికి తిప్పండప్పా!" మునిరాజు చేతులు జోడించాడు. "మీ కాళ్లు పట్టుకుంటాను!"

సొన్నమ్మ వంగి, చెక్కిన పేర్ల మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"పైకే ఉండనీ. అక్షరాలు గరుగ్గా ఉండాయి, కాలు జారదు."

కాలువ అవతల సైరన్ వినిపించింది. తెల్ల కారు గట్టున ఆగింది. తలుపు ఇంకా తెరుచుకోలేదు.

జయరామప్ప గడ్డపార భుజాన వేసుకుని రెండో రాయి వైపు నడిచాడు.