అట్టగోడకి నీళ్ళు

పరాయి దేశంలో మా అల్లుడు కొన్నది పాత ఇల్లు. ఒక పడకగది, హాలు, వెనక సామాన్ల కొట్టు. నేనూ మా ఇంటిదీ వెళ్ళి హాల్లో పడుకునేవాళ్ళం. అల్లుడు డ్యూటీ దిగి ఏ వేళకో వస్తాడు. తలుపు చప్పుడైతే చాలు, మా ఇంటిది కొంగు సర్దుకుని లేచి కూర్చుంటుంది. అల్లుడి ఎదుట పడుకోవడం ఆవిడ వల్ల కాదు. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఇక నేను పోతాను. టికెట్టు తియ్యమను" అంది.

కూతురు నా దగ్గరికొచ్చింది. "నాన్నా, ఆ కొట్టుని గది చేస్తే అమ్మ ఉంటుందా?"

"తలుపుంటే ఉంటుంది."

అల్లుడు సెలవు పెట్టాడు. అక్కడ ఇటుక లేదు. కర్ర చట్రం, దానికి జిప్సం అట్ట. అట్టలు బిగించాం, తలుపు పెట్టాం. పైన నున్నటి పూత నా వంతు. బుద్ధెరిగిన కాడినుంచీ తాపీ పట్టినవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను.

దుకాణంలో బస్తాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అన్నిట్లోనూ తెల్లపొడే. సిమెంటు గోడకి పూసే లప్పంలా ఉన్నదాన్ని చూపించాను.

"ఫోన్లో చూడమంటారా మామయ్యా?"

"ఫోనొచ్చి పూస్తుందా?" అన్నాను.

పూశాం. ఆరాక గోరు తగిలితే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. అల్లుడు ఒక పెచ్చు చేతిలోకి తీసుకున్నాడు.

"మన గోడ కుబుసం విడిచింది మామయ్యా" అన్నాడు.

ఆ పెచ్చు పట్టుకుని మళ్ళీ దుకాణానికెళ్ళాం. దుకాణంవాడు చెప్పింది అల్లుడు తెలుగులో చెప్పాడు. అట్టకి జిప్సం పూతే పడుతుందట. సందులు నింపే పొడి వేరు, పైన పూసే పొడి వేరు. ముందు గోడ తడపకూడదట. కలిపిన కాసేపటికే గడ్డకడుతుందట.

"అయితే నువ్వు కలుపు, నేను తాపీతో లాగుతా" అన్నాను.

పాత పూత గీకేశాక అతను కలిపాడు, నేను లాగాను. అతనికి ఊసుపోలేదు.

"ఎంతసేపని మాట్లాడకుండా ఉంటారు మామయ్యా?"

"పూత అయ్యేదాకా."

నాలుగు గోడలూ పసిపిల్ల బుగ్గల్లా వచ్చాయి.

పొద్దున లేచి చూస్తే గది నేలంతా నీళ్ళు. మా ఇంటిది బకెట్టూ మగ్గూ పెట్టుకుని గోడకి నీళ్ళు కొడుతోంది. పెళ్ళైన నాటినుంచీ నేను పూసిన గోడలకి నీళ్ళు కొట్టింది ఆవిడే. సిమెంటు గోడ నీళ్ళు తాగితేనే గట్టిపడుతుంది. ఇదీ అంతే అనుకుంది.

"ఏమయ్యా, మర్చిపోయావా? గోడ ఎండిపోతోంది" అంది.

అట్ట అడుగున ఉబ్బింది. పూత ముద్దలా జారుతోంది. కూతురు వచ్చి "అమ్మా!" అని ఆగిపోయింది. ఆ ఒక్క మాటతో ఆవిడకి అర్థమైంది. మగ్గు దించలేదు, అలాగే నిలబడింది.

"నా చేతులు పడిపోను! నిద్ర కోసం గది కడితే నేనే ముంచానా?"

అల్లుడు వచ్చి గోడ చూశాడు, ఆవిణ్ణి చూశాడు.

"నీళ్ళు పోసేవాళ్ళు లేక ఈ ఇంట్లో కుండీల్లో మొక్కలన్నీ చచ్చాయి అత్తయ్యా. మీరేమో గోడకి పోశారు."

ఆవిడ నవ్వలేదు. ఎప్పుడూ తలుపు చాటునుంచి మాట్లాడే మనిషి, అతని మొహంలోకే చూసింది.

"ఆ పొడి ఎలా కలపాలో నాకు చూపించు బాబూ. కూతురింట్లో గోడ కూల్చి పారిపోయిందని అనిపించుకోను. ఇది నిలబడేదాకా నా టికెట్టు మాటెత్తకండి."

"మిగతా మూడు గోడలూ బాగానే ఉన్నాయి. మంచం ఇవాళే లోపల వేసేస్తాను" అన్నాడు అల్లుడు.

నేను ఉబ్బిన అట్ట ఊడదీస్తున్నాను.

"ఎన్నాళ్ళు పడుతుందయ్యా?" అని నన్నడిగింది.

కూతురు నా వంక చూస్తోంది.

"నిదానం" అన్నాను.

"నిదానమంటే?"

"తొందరపడితే మళ్ళీ పెచ్చులే."

అల్లుడు అందుకున్నాడు. "అవునత్తయ్యా, ఈ వానలు తగ్గితే గాని ఆరదు."

కిటికీలోంచి ఎండ నేల మీది నీళ్ళ మీద పడి తళతళలాడుతోంది. మా ఇంటిది ఆ ఎండ చూసింది, మమ్మల్ని ముగ్గుర్నీ చూసింది.

"మరే" అంది. "ముసురు పట్టేట్టే ఉంది."