మునగచెట్టు కాసిన బీగంచెవి

2004 వినాయక చవితి నాడు, తిరుచానూరులో, పత్రి వాసన ఇంకా ఇంట్లో ఉండగానే రేవతికి అన్యాయం జరిగింది. చేసినవాడు పరాయివాడేం కాదు. మొగుడి అన్న ధనంజయ. పండక్కని చిత్తూరు నుంచి వచ్చి, ఆమె చేసిన ఉండ్రాళ్లు వంక పెట్టకుండా తిని, ఆనక చేశాడు.

చవితి నాడు ఎవరి బతుకుతెరువు వాళ్లు దేవుడి ముందు పెట్టుకోవడం ఉంది గదా. చదువుకునే పిల్లలు పుస్తకాలు పెడతారు, వడ్రంగి ఉలి పెడతాడు. రేవతి తన కారు బీగంచెవులు రెండూ పూజ పళ్లెంలో పెట్టింది. కనకాంబరాలు మూరలేసి అమ్మి, ఏళ్ల తరబడి చీటీలు కట్టి, చంద్రగిరి డాక్టరు దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్న తెల్లకారు. లైసెన్సు తెచ్చుకుంది, టాక్సీ పర్మిట్టూ తెచ్చుకుంది. రేపటి నుంచి స్టాండులో పెట్టాలి. పూజ అయింది. ఇంటి పెద్దగా ధనంజయ అందరి మీదా అక్షింతలు చల్లి, అదే చేత్తో పళ్లెంలోని రెండు చెవులూ తీసి జేబులో వేసుకున్నాడు.

"బండి నీ పేరు మీదే ఉండాదిలే రేవతీ, నేను కాదన్లే. చెవులు మాత్రం నా జోబులో ఉంటాయి. మనింటి ఆడది స్టాండులో నిలబడి 'కొండకా, కొండకా' అని అరస్తా ఉంటే, చిత్తూర్లో నేను తలెత్తుకోని తిరగాల్నా వద్దా?"

"తల దించుకోనే తిరుగు బావా. మీ వీధిలో గుంతలుండాయి, కనపడతాయి," అంది రేవతి.

ఆమె మొగుడు హరినాథ్ మంచివాడు. ఇట్లాంటప్పుడు మంచివాళ్లు చేసే పనే చేశాడు. గడప మీద కూర్చుని నేలను చూశాడు.

ధనంజయ బస్సెక్కాక, రేవతి సున్నపు ముక్క తీసుకుని కొట్టం గోడ దగ్గరికి పోయింది. అత్త సుబ్బులమ్మ ఆవులు ఈనిన తేదీలన్నీ ఆ గోడ మీదే ఉంటాయి. వాటి కింద రేవతి '18-9-2004' అని రాసింది.

"ఏం ఈనిందని రాస్తా ఉండావే?" అంది సుబ్బులమ్మ.

"మీ పెద్దకొడుకు ఈనినాడు అత్తా. దొంగతనం పుట్టింది."

సుబ్బులమ్మ కొడుకు తినిపోయిన విస్తరి తీసి ఆవుకు వేసింది.

మెకానిక్ మునికృష్ణను పిలిస్తే తల గోక్కున్నాడు. "ఇది పెట్టెకేసే బీగం లాంటిది కాదక్కా. చెవి తలకాయలో చిప్పుంటాది. కారు దాన్ని గుర్తుపడితేనే ఇంజను పట్టుకుంటాది, లేదంటే దొంగోడనుకుంటాది. కొత్తది చేయాలంటే పాతది తెచ్చి చూపించమంటారు కంపెనీవోళ్లు."

"పాతదే ఉంటే కొత్తది దేనికిరా?"

"అదే నేనూ అడిగినా. నవ్వినారు."

ఇక మిగిలింది పెరట్లో మునగచెట్టు. ఆ వీధిలో ఎవరి చెవి పోయినా సుబ్బులమ్మ మునగచెట్టుకే వస్తారు. చెట్టు మొదట్లో ఒక చెంబు నీళ్లు పోసి పోతారు. కొన్నాళ్లకు మునక్కాయల మధ్య ఆ చెవి కాస్తుంది. బీరువాది కాసింది, సైకిలుది కాసింది. లాడ్జిలో సూట్‌కేసు చెవి పోగొట్టుకున్న కాంచీపురం ఆమె నీళ్లు పోసి ఊరికి పోతే, మరుసటి ఏడు మొక్కుకు వచ్చినప్పుడు కోసిచ్చింది సుబ్బులమ్మ. అప్పటికి సూట్‌కేసు పగలగొట్టేశారంట, అది వేరే సంగతి. చెట్టుకు నియమం ఒకటే. కొత్త చెవి పండిందంటే పాతది ఎక్కడున్నా గొడ్డుబోతుంది, ఇక పనిచేయదు.

రేవతి చెంబుతో నీళ్లు పోస్తుంటే సుబ్బులమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. చూసి, పోపు మాడిపోతుందని లోపలికి తిరిగింది.

కార్తీకం వచ్చేసరికి చిటారు కొమ్మన కారు చెవి వేలాడింది. నల్ల తలకాయ, ఆకుపచ్చ తొడిమ. రేవతి రోజూ పూలకు పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి తలెత్తి చూసుకునేది. అంతలో చిత్తూరు నుంచి కబురొచ్చింది. శుక్రవారం ధనంజయ చెంగల్రాయుడనే బేరగాడిని వెంటబెట్టుకుని వస్తాడంట, కారు అమ్మేస్తాడంట. "సంతకం పెట్టక ఏం చేస్తాది? తిరగని బండిని ఎన్నాళ్లు కడుగుతా కూర్చుంటాది?" అన్నాడంట.

రేవతికి ఆ మాట నషాళానికంటింది. దోటి తీసుకుని అప్పటికప్పుడు చెవి కోసేసింది.

దాంతో కారు తలుపు తెరుచుకుంది. సీట్లో కూర్చుని తిప్పితే ఇంజను గిర్రున తిరిగింది, ఒక్క క్షణం పట్టుకుంది, చచ్చిపోయింది. ఎదురుగా చిన్న ఎర్రలైటు, చెవి బొమ్మది, టపటపా కొట్టుకుంది. మునికృష్ణ వచ్చాడు. బ్యాటరీ చూశాడు, ఫ్యూజులు చూశాడు, పెట్రోలు పంపు చూశాడు. బ్యాటరీ వైరు పీకి, టీ తాగొచ్చి, మళ్లీ తగిలించాడు. బయటి నుంచి చెవితో బీగమేసి మళ్లీ తీశాడు. ఎర్రలైటు దాని పాటికది కొట్టుకుంటూనే ఉంది.

"బండికేం రోగం లేదక్కా. నిన్ను దొంగ అనుకుంటా ఉండాది."

"నేను దొంగనా? చిత్తూర్లో ఉండేవోడు దొరా?"

సుబ్బులమ్మ చెయ్యి చాపి చెవి అందుకుంది. మునక్కాయను ఆడించినట్టు దాన్ని తన చెవి పక్కన పెట్టి ఆడించింది. తలకాయ మీద గోరుతో గిల్లి చూసింది.

"పచ్చిది కోసినావు గదే, తొందరమాలిందానా. గింజ ముదర్లే."

"చిప్పు అవ్వా," అన్నాడు మునికృష్ణ.

"నువ్వు చిప్పంటావు, నేను గింజంటా. ముదర్లే."

రేవతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోసిన దాన్ని మళ్లీ కొమ్మకు అతికించలేరు గదా. సుబ్బులమ్మ ఆమెను చూసి విసుక్కుంది. "ఏడుపు దేనికి? సీతాఫలం చెట్టు మీదే పండుతాదా? కన్ను విచ్చిన కాయ కోసి రాగుల్లో పెట్టుకోమా?"

వంటింట్లో రాగుల తొట్టి ఉంది, అందులో చంద్రగిరి సంతలో తెచ్చిన సీతాఫలాలు మాగుతున్నాయి. సుబ్బులమ్మ చెవి పట్టుకుని తొట్టి ముందు కూర్చుంది. కూర్చుంది గానీ చెయ్యి లోపలికి పోలేదు.

"ఇది మాగితే వాడి జోబులోది గొడ్డుబోతాదే," అంది.

"వద్దంటావా అత్తా?"

ముసలామె కాసేపు రాగులు దోసిట్లోకి తీసి జారవిడిచింది. "నేను వాడ్ని కన్నాను గానీ వాడి పాడుబుద్ధిని కనలేదు," అని మోచేతి దాకా చెయ్యి దూర్చి, చెవిని అడుగున పండ్ల మధ్య పూడ్చింది.

శుక్రవారం తెల్లవారి తీస్తే చెవి సీతాఫలం వాసన కొట్టింది. ఆడిస్తే తలకాయలో గింజ గలగలమంది. హరినాథ్ అప్పటికే కారు కడిగి, బంతిపూల దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ఉన్నాడు. నేల చూసే మనిషి ఆ మాత్రం తలెత్తినందుకు రేవతి అతని కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసింది.

పది గంటల బస్సుకు ధనంజయ దిగాడు. వెంట చెంగల్రాయుడు, పంచె, చంకలో సంచీ. దండ వేసిన కారును చూసి ధనంజయ మురిసిపోయాడు, తన కోసమే అనుకున్నాడు. "రా అప్పా, ఇంజను శబ్దం విందువు," అని కూర్చుని తన చెవి తిప్పాడు. ఎర్రలైటు కొట్టుకుంది. రెండోది పెట్టాడు. అదీ అంతే.

"ఏమప్పా ధనంజయా, నీ బండి నిన్నే ఎరగనంటా ఉండాది?" అన్నాడు చెంగల్రాయుడు.

"బ్యాటరీ దిగిపోయినట్టుండాది."

"నిన్ననే ఛార్జి చేసినా," అన్నాడు మునికృష్ణ ఆకాశం చూస్తూ.

ధనంజయ చెవిని ఆడించి చూశాడు. చప్పుడు లేదు. పెరటి వైపు ఒకసారి చూశాడు. ఆ ఇంట్లో పుట్టినవాడే, ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. మెల్లగా దిగి పక్కకు నిలబడ్డాడు.

రేవతి ఎక్కి తన చెవి తిప్పింది. ఇంజను పట్టుకుని, చచ్చిపోయింది. ఎర్రలైటు.

"సూసినావా, నీకూ దిక్కులేదు," అని ధనంజయ పకపకా నవ్వాడు. మునికృష్ణ స్పానర్లు తీయబోయాడు. "ఆగరా," అంది రేవతి. ఆమె దిగలేదు. చెవిని బయటికి తీసి ఆడించింది. పొద్దున గలగలమన్న గింజ ఇప్పుడు గుడ్డలో చుట్టినట్టు పలికింది. పొద్దుటికీ ఇప్పటికీ ఏం మారింది? తలకాయ చుట్టూ బిగించిన రాగి రక్షరేకు, దాని మీద పసుపుతాడు. దిష్టి తగలకూడదని కాఫీ వేళ సుబ్బులమ్మ కట్టింది.

"అత్తా, విత్తనం మీద రాగిబిందె బోర్లిస్తే మొలకొస్తాదా?"

"రక్ష తీస్తే ఎట్లనే?"

"తీసి పారేయను. నా చేతికి కట్టు. కాపాడాల్సింది నన్ను గదా."

సుబ్బులమ్మ పళ్లతో ముడి విప్పి, రేకును కోడలి మణికట్టుకు కట్టింది. రేవతి చెవి పెట్టి తిప్పింది. ఎర్రలైటు ఒక్కసారి వెలిగి, కన్ను మూసినట్టు ఆరిపోయింది. ఇంజను పట్టుకుంది. పొయ్యి మీద సంగటి కుతకుతలాడినట్టు, నిదానంగా, ఆగకుండా.

చెంగల్రాయుడు వెనక తలుపు తెరిచి, సంచీ సీట్లో పెట్టి కూర్చున్నాడు. "కొనే పని కాలేదు గానీ, పోయేటప్పుడు కాణిపాకం సూసుకోని పోదామనుకున్నా. వస్తావామ్మా?"

"మొదటి బేరం. వినాయకుడి గుడికంటే రానంటానా?"

ధనంజయ రోడ్డు మీద ఒంటరిగా మిగిలాడు. చిత్తూరు బస్సు ఇప్పట్లో లేదు. సుబ్బులమ్మ వచ్చి పెద్దకొడుకు వీపు మీద చెయ్యేసింది. "ఎక్కు నాయనా. ఆ చెవులు దేవుడి ముందర తీసినావు, దేవుడి ముందరే పెట్టేసి పో."

"ముందర కూర్చో బావా," అంది రేవతి. "ముందరైతే దారి బాగా కనపడతాది."

అతను ముందరే కూర్చున్నాడు. నిమ్మకాయలు చిట్లాయి, కారు కదిలింది. పాకాల దాటింది. ఆ తర్వాత "గేరు బాగానే మారస్తా ఉండావే," అన్నాడు ధనంజయ. అంతకు మించి రేవతి కూడా ఆశించలేదు.

పొద్దుగూకేసరికి ఇంటికొచ్చి, కారుకు బీగమేసి, సున్నపు ముక్క తీసుకుని కొట్టంలోకి పోయింది. సుబ్బులమ్మ దీపం పట్టుకుని నిలబడింది. పాత తేదీని రేవతి కొట్టేయలేదు, ఉండనిచ్చింది. దాని కింద, ఆవులకు రాసినట్టే, పేరూ తేదీ రాసింది.

తెల్లకారు. 19-11-2004.