జాలీలోంచి ఒంటి పిలుపు

పెళ్లయిన మొదటి ఎండాకాలంలోనే సువర్ణ చెవుల చుట్టూ చెమటకాయలు లేచాయి. తప్పు ఆమె హెడ్‌ఫోన్లది. చెవుల మీద గిన్నెలు బోర్లించినట్టు మూసేసే రకం అవి. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఆమె ఇంటి నుంచే పనిచేస్తుంది. ఎక్కడెక్కడి రైతులతోనో, ముసలమ్మలతోనో మాట్లాడించి రికార్డు చేసినవి పంపిస్తారు. విని, వినపడ్డది వినపడ్డట్టు టైపు చేయాలి. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా చెవులు ఆ గిన్నెల కింద ఉడకాల్సిందే. అదీ దుమ్ముగూడెం దాటాక అడవి మొదలయ్యే చోట, రేకుల వసారా ఉన్న కిరాయి ఇంట్లో.

"చెవులు కాదివి, ఆవిరి కుడుములు," అన్నాడు బలరాం ఒక సాయంత్రం, ఆమె చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకుని చూస్తూ. పశువుల దవాఖానాలో అసిస్టెంటు అతను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు మాత్రం డాక్టరే. "గేదెకైతే మందు రాసేవాణ్ణి. నీకు కొత్తవి కొనాలి."

"నన్ను గేదెతోటి పోలుస్తున్నవా?"

"గేదె ఇలా ఎదురు మాట్లాడదులే."

అతనిది మధిర దగ్గరి ఎర్రుపాలెం. ఆంధ్రా అంచు ఊరు కాబట్టి 'వచ్చాను, తిన్నాను' అంటాడు. కూసుమంచి పిల్ల సువర్ణ 'వచ్చిన, తిన్న' అంటుంది. మాటల చివర్లు చూసి మనిషి ఏ మండలం వాడో చెప్పేయడం ఆమెకు వృత్తి వల్ల అబ్బిన సరదా. పెళ్లిచూపుల్లో అతను నోరు తెరవగానే, "ఈయనకు మధిర గాలి తగిలింది," అని చెల్లెలి చెవిలో ఊది నవ్వింది.

బలరాం అన్నట్టే కొత్తవి వచ్చాయి, ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్లు. వాటి డొప్పలకు వెనక మూత ఉండదు, సన్నని జాలీ ఉంటుంది. గాలి ఆడుతుంది, చెవి చల్లగా ఉంటుంది. పాతవాటికి మూడింతల ధర. నచ్చకపోతే నెలాఖరులోగా వాపసు పంపొచ్చు. అంత ధరకు అంత సుఖం ఉందా లేదా తేల్చుకోవాలని ఆమె ఒకే రికార్డింగును ముందు పాతవాటితో, తర్వాత కొత్తవాటితో విన్నది. విత్తనాల గురించి మాట్లాడుతున్న ఒక ముసలమ్మ. విన్నదో లేదో వసారాలోకి పరుగెత్తింది.

"ఆ అవ్వ పాతవాటిల నా నెత్తిల కూసొని మాట్లాడేది! ఇప్పుడు దిగి నా ఎదురుంగ కూసున్నది! వక్క నములుతున్నది, గాజులు సర్దుకుంటున్నది, వెనక మేకపిల్ల అరుస్తున్నది. అన్నీ ఎక్కడివక్కడ!"

"మేకకు జబ్బేమైనా ఉందేమో అడుగు," అన్నాడు బలరాం, ఆమె తలకు వాటిని సరిచేసి పెడుతూ. ఆ రోజంతా ఆమెకు ఇల్లు ఒక గది పెరిగినట్టనిపించింది.

ఒక్కటే పేచీ. జాలీ బయటి లోకాన్ని కూడా లోపలికి రానిస్తుంది. టేకాకు రాలినా వినపడుతుంది. ఇంటామె ఆదెమ్మ తన కోళ్లను తిట్టే తిట్లు రైతు మాటల్లో కలిసిపోతాయి. ఒకసారి ఆదెమ్మ తిట్టు సగం టైపు చేసేసి, నాలుక కరుచుకుని చెరిపింది. అదీ సరదాగానే ఉండేది, కంపెనీలో ఆమె టైపు చేసినవి చెకింగ్ చేసే నాగలత దగ్గర్నుంచి మెసేజీ వచ్చేదాకా.

"సువర్ణా, ఎరువుల గురించి చెబుతున్న రైతు మధ్యలో నీ పేరెందుకు తీశాడమ్మా? ఆడియోలో లేదు. కొత్త పెళ్లికూతురివి, మనసెక్కడుంది?"

సువర్ణ ఫైలు తీసి చూసింది. నిజమే. 'తొలి దుక్కిలోనే పశువుల ఎరువు వేసుకుంటే' అన్న మాట తర్వాత, తన చేతులతోనే, 'సువర్ణా' అని ఉంది. మళ్లీ విన్నది. పాతవాటితోనూ విన్నది. రైతు ఆగాడు, గుటక వేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె పేరు ఎక్కడా లేదు.

అంటే విన్నది బయటి నుంచి. ఇంటి వెనక నుంచి. గుర్తు తెచ్చుకుంటే గొంతు కూడా తెలిసింది. బలరాంది. ఆ మిట్ట మధ్యాహ్నం బలరాం ఏటి అవతల, పశువులకు గాలికుంటు టీకాలు వేస్తూ ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. ఒక్కసారే. ఆ మర్నాడూ అంతే. కేక కాదు, గుసగుస కాదు. నీళ్లిమ్మని అడగబోయే మనిషి పిలిచినట్టు, మామూలుగా. అతనేనా అని ఆమె చెవికి పరీక్ష పెట్టుకుంది. కానీ ఒట్టి పేరుకు చివర ఏముంటుంది? 'వచ్చాను' లేదు, 'వచ్చిన' లేదు. ఒక్క మాటలో యాస దొరకదు.

ఆదెమ్మ ఇప్పపూలు ఆరబోస్తుంటే వెళ్లి పక్కన కూర్చుని, నవ్వులాటగానే చెప్పింది. ఆదెమ్మ చేతులు పూలలోనే ఆగిపోయాయి.

"పలికినవా?"

"లే అవ్వా. పనిల ఉంటి."

"మంచిగైంది. ఒక్కపారి పిలిస్తే పలకొద్దు బిడ్డా. మనిషైతే మళ్ల పిలుస్తడు, మూడుపార్లు పిలుస్తడు. అడివిది ఒక్కపారే పిలుస్తది. మళ్ల పిలిచే బలం దానికి లేదు. పలికితేనే బలం."

"పలికితే ఏమైతది?"

"నేనేమన్న పలికి చూసిన్నా?" అని ఆదెమ్మ కసిరింది. "మా వాళ్లు పలకరు. అందుకే తెల్వదు."

ఇది విని బలరాం పడీపడీ నవ్వాడు. అప్పట్నుంచి గేటు దగ్గర బండి ఆపగానే, "సువర్ణా, సువర్ణా, సువర్ణోయ్!" అని లెక్కగా మూడు కేకలు పెట్టడం మొదలెట్టాడు. అన్నం దగ్గర "పచ్చడి, పచ్చడి, పచ్చడి" అనేవాడు. ఆమె నవ్వేది. రోజూ మొగుడి నోట మూడుసార్లు పేరు వినే భాగ్యం ఎంతమందికుంటుంది? కానీ పగలు, అతను వెళ్లాక, ఆ నవ్వు ఎండలో పెట్టిన తడిబట్టలా చిటికెలో ఆరిపోయేది.

చివరికి కొత్తవి పెట్టెలో సర్దేసి పాతవి తగిలించుకుంది. వాపసు పంపేద్దామనే. గిన్నెలు మూసుకున్నాయి, లోకం నిలిచిపోయింది. ఇప్పుడు భయం పెరిగింది. పిలిచిందో లేదో తెలియదు. మూసిన చెవుల వెనక, వీపు మొత్తం చెవి అయి కూర్చుంది. వాక్యానికోసారి డొప్ప ఎత్తి విన్నది. ఏమీ లేదు. ఒకరోజు ఏదీ పెట్టుకోకుండా, పని మానేసి, వెనక తలుపు దగ్గర కూర్చుని మధ్యాహ్నమంతా కనిపెట్టింది. కోడి గీకిన చప్పుడు కూడా విన్నది. పిలుపు మాత్రం రాలేదు. ధ్యాస ఇంకెక్కడో ఉన్నప్పుడు, చెవి ఓరగా తెరిచి ఉంటేనే అది వస్తుందని అర్థమైంది. తెలియని దయ్యం కంటే వినపడే దయ్యమే నయమనిపించి, పెట్టె విప్పి మళ్లీ జాలీవి పెట్టుకుంది.

ఏప్రిల్ ముదిరింది. బలరాం తెల్లారకముందే టీకాలకు వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగి రావడం అలవాటు చేసుకున్నాడు. ఆ రోజు వేళ దాటింది. సువర్ణ చెవుల్లో ఎవరో పెద్దాయన చేపల వలల గురించి చెబుతున్నాడు. రేకులు టపటపమంటున్నాయి.

"సువర్ణా."

ఆమె చేతులు కీబోర్డు మీద గడ్డకట్టాయి. వలల పెద్దాయన ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. రెండో పిలుపు కోసం ఊపిరి బిగబట్టింది. రాలేదు. మూడోది ఎలాగూ రాదు. ఎప్పటిలాంటిదే, పలకకూడదు, అయిపోయింది. చేతులు టైపు చేయడం మొదలుపెట్టాయి. కానీ వేళ దాటింది కదా. అతనైతే మూడుసార్లు పిలుస్తాడు. పిలిచే ఓపిక ఉంటే.

ఆ చివరి మాట ఎక్కడ్నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. ఫోను తీసి బలరాంకు కలిపి, బల్ల మీద పెట్టింది. ఫోను తెర మీద రింగవుతున్న గుర్తు. ఎడమ చెవి జాలీలోంచి, చాలా సన్నగా, టేకాకుల చప్పుడు అవతల, అతని ఫోను పాట.

"ఆఁ, వస్తున్నా!" అని అరిచి పరుగెత్తింది. హెడ్‌ఫోన్ల తీగ తెగినంత పనైంది.

వెనక కంచె అవతల, ఇప్పచెట్టు కింద, బలరాం ఒక పక్కకు పడి ఉన్నాడు. హెల్మెట్ అలాగే ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. ఆమె కేకలకు ఆదెమ్మ బిందెతో వచ్చింది. చొక్కా విప్పి, చీర కొంగు తడిపి మెడకూ చంకలకూ వేసి, విసనకర్రతో విసిరి, నీళ్లు పోసి, మళ్లీ విసిరి, 108 బండి వచ్చేదాకా ఇద్దరూ ఆగలేదు. భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ, "వడదెబ్బ. ఇంకాసేపు అక్కడే ఉంటే కష్టమయ్యేది," అని మాత్రం అంది. సువర్ణ బల్ల మీద కూలబడి, తను కదలకుండా కూర్చున్న ఆ కాసేపును తలుచుకుంది.

సాయంత్రానికి అతను మాట్లాడాడు.

"నీళ్లిస్తావనుకున్నా, పిలిచి ఎక్కడికెళ్లావు?"

"ఏ నీళ్లు?"

"నువ్వే కదా పిలిచావు, చెట్టు కింద నుంచి. 'బలరాం' అని. మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుందేంటి, అదీ ఒక్కసారే, అని నవ్వొచ్చింది కూడా. 'వస్తున్నా' అని బండి రోడ్డు మీదే ఆపేసి వెనక దారిలోకి వచ్చాను. తర్వాత తెలీదు."

"నువ్వు నన్ను పిలవలేదా?"

"చెట్టు దగ్గరికొచ్చేసరికి నాలుక అంగిటికి అంటుకుపోయింది సువర్ణా. ఎలా పిలుస్తాను?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోడ్డు మీదే ఎక్కడో పడిపోయి ఉంటే ఎవరూ చూసేవాళ్లు కాదు; అందుకని అది ఇంటి వెనక్కి పిలిచిందా? లేక నేరుగా వస్తే గేటు ముందే దిగేవాణ్ణి చెట్టు కిందికి లాగిందా? ఎటు తిప్పి చూసినా రెండూ సరిపోతున్నాయి. తోడు వచ్చిన ఆదెమ్మ మంచం కాళ్ల దగ్గర నిలబడి అంతా విన్నది. అతన్ని అడగలేదు. సువర్ణ వైపే తిరిగింది.

"పలికినవా?"

"పలికిన అవ్వా."

ఆదెమ్మ ఆమె తల నిమిరి, "జల్దీ ఇంటికి తోలుకపో," అని వెళ్లిపోయింది.

నెలాఖరు వచ్చింది. బలరాం ఇంకా సెలవులో, మంచం మీద. పొద్దున్నే మొదలుపెట్టాడు.

"వాటిని పంపేద్దాం. పాతవాటితోనే చెయ్యి. చెమటకాయలకు పౌడర్ రాస్తాను, రోజూ నేనే రాస్తాను."

"పంపితే పిలుసుడు ఆగుతదా?"

"నీకు వినపడదు కదా."

"నాకు వినపడకపోతే నువ్వు ఆడనే పోయెటోడివి."

"అది నన్ను కాపాడిందనుకుంటున్నావా?"

"ఏమో. నాకు తెల్వదు." సువర్ణ జడ ముడేసుకుంది. "అది మంచిదో చెడ్డదో నాకు తెల్వదు బలరాం. రెండో పిలుపు కోసమని కూసున్న చూడు, అది తెల్సు. అట్ల మళ్ల కూసోను. గంతే."

మొదటిసారి అతన్ని పేరు పెట్టి పిలిచిందామె. ఇద్దరికీ తెలిసింది. ఆమె వాపసు మాట మానేసి, హెడ్‌ఫోన్ల తీగకు చుట్టి ఉన్న చిన్న ప్లాస్టిక్ పట్టీని కత్తిరించి పారేసింది. అది తీసేస్తే ఇక అమ్మినవాళ్లు వాపసు తీసుకోరు.

మధ్యాహ్నం. ఫ్యాను కింద బలరాం గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెవుల్లో ఒక చిన్నవయసు టీచరు ఆగి ఆగి ఏదో పాఠం చెబుతోంది. ఎంత బాగుందో ఆ గొంతు. గుక్క తిప్పుకునే చోట కూడా వినపడుతోంది. సువర్ణ తెలియకుండానే నవ్వింది.

"సువర్ణా."

ఈసారి ఇంటి వెనక నుంచి కాదు. ఎంత దూరం నుంచో చెప్పలేనంత దగ్గర. ఆమె మంచం వైపు చూసింది. బలరాం ఇటు తిరిగి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఆమెనే చూస్తున్నాయి. పెదాలు మూసి ఉన్నాయి. అతనే పిలిచి ఊరుకున్నాడో, పిలుపు విని ఇటు తిరిగాడో.

ఆమె అడగలేదు. ఆగలేదు.

"ఆఁ," అని పలికింది, గట్టిగా, గది మొత్తానికి వినపడేలా.

"ఎవరికి పలికావు?" అన్నాడు బలరాం, మెల్లగా.

"పిలిచినోళ్లకు," అంది సువర్ణ. కుర్చీ జరుపుకుని అతని మంచం పక్కన వేసుకుంది. ఒక చేత్తో అతని చేయి పట్టుకుని, రెండో చేత్తో టైపు చేయసాగింది.